వసతిగృహే

పూజ యేదియైనను, వ్రతమేదియైనను, పీటపై గూర్చున్న తెలుగు గృహస్థు దైవమును బిలుచుటకు ముందు తానెచ్చట నున్నాడో, ఎప్పుడున్నాడో చెప్పుకొనును. ఆచమనమును ప్రాణాయామమును ముగిసిన పిదప పురోహితుడు పలికించు ఆ సంకల్పములో కల్పాది నుండి నేటి వారము వరకు గల కాలమంతయు, మేరుపర్వతము నుండి తన గడప వరకు గల దేశమంతయు ఒక క్రమములో నొదిగి వచ్చును. శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ తాను కూర్చున్నాడో విన్నవించుకొని, తుదకు తానున్న యిల్లెట్టిదో కూడ చెప్పవలెను. స్వంత యిల్లు గలవారు 'శోభనగృహే' యనియు, అద్దెకున్నవారు 'వసతిగృహే' యనియు చెప్పుకొనుట మనవారి యాచారము. బాల్యమున నాకీ భాగమంతయు ప్రసాదమునకు నడుమ అడ్డుపడిన ఆలస్యముగా దోచెడిది; సర్వజ్ఞుడైన దేవునికి మన చిరునామా చెప్పవలసిన పనియేమని కొంత పెద్దవాడనైన పిదప ప్రశ్నించుకొంటిని. ఆ ప్రశ్నకు సమాధానము నాకు మా యూర దొరకలేదు. సముద్రముల కావల, న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పట్టణములో, రెండు గదుల యొక అద్దెయింట దొరకినది.

ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పనిమీద, మూడేండ్ల గడువుగల వీసాతో, భార్యాసమేతుడనై నేనా దేశమునకు బోయితిని. విమానములో తెచ్చుకొన్న పెట్టెలను సగమే విప్పి అలమరపై నుంచితిమి. కొన్న పరుపునకు దుకాణమువారు తొడిగిన ప్లాస్టిక్ తొడుగును ఎనిమిది నెలలు తీయలేదు. తిరిగి యమ్ముకొనునప్పుడు క్రొత్తదానివలె నుండునని మా యాలోచన. రాత్రి ఒత్తిగిలినప్పుడెల్ల ఆ తొడుగు చప్పుడు చేయుచు, నిద్రలోనైనను మేము పోవలసినవారమని మాకు జ్ఞాపకము చేయుచుండెడిది. గోడకొక మేకు కొట్టలేదు; కుండీలో కరివేపాకు మొక్క పెట్టలేదు; మెట్లపై నిత్యము ఎదురుపడు పొరుగింటి ముదుసలి పేరడుగలేదు. దేనికైనను మా యింట ఒకటే సమాధానముండెడిది: "ఎలాగూ పోయేవాళ్లమే కదా!"

పనిలో మాత్రము ఈ ఔదాసీన్యము లేశమైనను లేదు. ఉదయము ఎనిమిదింటికి ఆఫీసునకు బోయి, సాయంకాలము ఆరింటికి ఇల్లు చేరి, భోజనమైన పిదప రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాదు బృందముతో మరల కాల్‌లో కూర్చుండవలెను. వేసవిలో ఇక్కడి తొమ్మిదిన్నర అక్కడి ఉదయపు ఏడు. పగలు ఇక్కడివారికి అక్కడివారి తరఫున జవాబు చెప్పుచు, రాత్రి అక్కడివారికి ఇక్కడివారి తరఫున పని యప్పగించుచు, రెండు సూర్యోదయముల నడుమ ఒక్క మనుష్యుడు నలుగుచుండెను. పని యొత్తిడి యనగా పనియొక్క పరిమాణమని అంతవరకు దలచితిని. మా తాతగారు కోతల రోజులలో నా కంటె నెక్కువ గంటలు పొలమున నిలిచి పనిచేసిరి. ఐనను రాత్రి చాపపై మేనువాల్చిన మరుక్షణమున వారికి నిద్ర వచ్చెడిది. నాకు దేహశ్రమ యేమియు లేదు. కాని కాల్ ముగిసి దీపమార్పిన పిదప గూడ మనస్సు వెలుగుచునే యుండెడిది.

ఆ వెలుగులో నున్న భయమును దాచక చెప్పవలెను. 1990 నాటి శాసనముచే నేర్పడిన హెచ్-1బి వీసా మొదట మూడేండ్లు, పొడిగించినచో మొత్తము ఆరేండ్లు అని లెక్క. ఉద్యోగము పోయినచో, సాధారణముగా 60 దినములలో మఱియొక యజమానిని వెదకికొనుటయో, వీసాతరగతి మార్చుకొనుటయో, దేశము విడుచుటయో జరుగవలెను. స్థిరనివాసమునకై దరఖాస్తు పెట్టుకొన్నవారి కథ మరియొకటి: ఉద్యోగముల ద్వారా నిచ్చు గ్రీన్ కార్డులలో ఏ యొక్క దేశమున బుట్టినవారికైనను నూటికి ఏడు పాళ్లకు మించి యుండరాదను నియమముండుటచేత, అభ్యర్థులు మిక్కుటముగా గల భారతదేశమునకు సంబంధించినంతవరకు ఆ వరుస దశాబ్దములకు సాగినది; 'తాత్కాలిక' మను మాట పిల్లలు కాలేజీకి వచ్చువరకును తాత్కాలికముగానే నిలిచియుండును. కావున మేనేజరు పంపిన రెండు వాక్యముల మెయిలు ఒక్క ఉద్యోగమును గూర్చిన మాటగా మాకు వినబడదు. ఇల్లు, వైద్యము, పిల్లల బడి, ఊర తీర్చవలసిన అప్పు, అన్నియు ఆ రెండు వాక్యములకు వ్రేలాడుచుండును. ఉస్మాన్‌సాగర్ చెంత చిలుకూరు బాలాజీ చుట్టు పదునొకండు ప్రదక్షిణములు చేసి వీసాకై మ్రొక్కి, కోరిక తీరిన పిదప నూటయెనిమిది చేసి మ్రొక్కు చెల్లించు యువజనులను జూచినప్పుడు, మా కాలపు భయభక్తు లెచ్చట నివాస మేర్పరచుకొన్నవో తెలియును.

ఇక్కడ నాకొక ధర్మసందేహము పుట్టినది. సర్వమనిత్యమని, ఈ దేహమే యద్దెకొంపయని, సంసారము సత్రములోని యొక రాత్రి మజిలీయని మన పెద్దలు పుట్టినప్పటి నుండి మనకు బోధించిరి. ఆ బోధ సత్యమైనచో, తన నివాస మనిత్యమని కాగితముమీద ముద్రవేయించుకొని, దినమును సంవత్సరమును కూడ వ్రాయించుకొని వచ్చిన ప్రవాసి, లోకములోని వారందరి కంటె శాంతముగా నుండవలెను గదా! స్వంత యిల్లును, తాతలనాటి మామిడి తోటయు గలవాడు శాశ్వతత్వమును భ్రమించి దుఃఖించుట కర్థమున్నది. పోవలసినవాడనని యెరిగిన వాని కింత తాప మెందుకు? అనిత్యతాజ్ఞానము వైరాగ్యమునకు మెట్టని చెప్పిన శాస్త్రము మా యపార్టుమెంటు గుమ్మమువద్ద నెందులకు తప్పినది?

దీనికి సులభముగా దొరకు సమాధానము గీతయందలి నిష్కామకర్మ: పనియందే నీ యధికారము, ఫలమునం దాశ విడువుము, ఒత్తిడి యుండదు. మంచిమాటయే. కాని ఈ మాటను ఎవరెవరితో జెప్పుచున్నారో చూడవలసి యున్నది. ఫలమును ఆశించుట వేరు, ఉన్న కూడు పోవునేమోయని బెదరుట వేరు. గీత తొమ్మిదవ యధ్యాయమున భగవానుడు తనను నమ్మినవారి యోగక్షేమములను తానే వహింతునన్న చోట, శంకరభగవత్పాదులు యోగమనగా లేనిదానిని పొందుటయనియు, క్షేమమనగా పొందినదానిని కాపాడుకొనుటయనియు విడదీసి చెప్పిరి. వీసా దొరకువరకు మా వ్యాధి యోగమునకు సంబంధించినది. దొరకిన నాటినుండి క్షేమమునకు సంబంధించినది. ఆశ యొకనాడు తీరవచ్చును గాని, కాపలాకు తీరుట యనునది లేదు; కావలివాడు నిద్రపోరాదు. మాకు నిద్ర పట్టకపోవుటకు కారణ మదియే.

ఐనను ఇంతమాత్రమున నా సందేహము తీరలేదు. తీర్చిన సంఘటన మొదటి యేటి శ్రావణమున జరిగినది. మా నాయనగారి తద్దినము శ్రావణ బహుళ తదియ. రాజమహేంద్రవరమున మా తమ్ముడు పెట్టుచుండ, పెద్దకొడుకునైన నేను ఫోనులో జూచుటకు నిర్ణయించుకొంటిని. అక్కడి మధ్యాహ్నము ఒంటిగంట నాకు తెల్లవారుజాము మూడున్నర. ముందటి రాత్రి ఆఫీసు ప్రొడక్షన్ పని రెండున్నర వరకు సాగినది. స్నానముచేసి, బియ్యపు డబ్బాకు ఫోను చేరవైచి, నేలమీద కూర్చుంటిని. దర్భలు పరచుట చూచితిని. నువ్వులు, నీళ్లు చూచితిని. ఆ పైన నేమియు చూడలేదు. కన్ను తెరచునప్పటికి తెల్లగా దెల్లవారియుండెను. ఫోను ఆరిపోయి యుండెను. నేను కూర్చున్నచోటనే ఒరిగి నిద్రపోవుట తమ్ముడు చూచి పిలువబోగా, అమ్మ వారించి, "నిద్రపోనీరా, వాడికి అక్కడ రాత్రి" అన్నదట. ఆ మాట తరువాత తమ్ముడు నాకు చెప్పెను. నాకక్కడ రాత్రి యను సంగతి, నా దేశకాలములు వేరను సంగతి, సముద్రమెన్నడును దాటని ఆమె యెరుగును, దాటివచ్చిన నేనెరుగను.

ఆ సంవత్సరమే కార్తికమాసమున మా యింట సత్యనారాయణ వ్రతము చేసికొంటిమి. వచ్చిన పురోహితుడు మతాచార్యుల కిచ్చు ఐదేండ్ల వీసాపై వచ్చిన గోదావరి తీరమువాడు. అనగా మాకు దేశకాలములు చెప్పవచ్చిన ఆయనయు గడువుమనిషియే. పొగ తగిలిన కూయు యంత్రము పైకప్పున నుండుటచేత కిటికీలు తెరచి, చలిలో వణకుచు పీటలపై గూర్చుంటిమి. ఆయన జంబూద్వీపమును విడిచి క్రౌంచద్వీపమనెను. భరతవర్షమునకు మారుగా రమణకవర్షమనెను. హడ్సన్, డెలావేరు నదుల నడుమ అనెను. ఆ రెండు నదుల పేర్లు విభక్తులు దొడిగికొని గంభీరముగా నిలుచుట విని నా యొడలు గగుర్పొడిచినది. అంతట నాపి, "నాయనా, ఇల్లు స్వంతమా, అద్దెదా?" అని యడిగెను. అద్దెదే యని సిగ్గుతో జెప్పితిని. "సిగ్గెందుకు? ఉన్నచోటు ఉన్నట్టు చెప్పకపోతే చేసిన పని ఎవరి ఖాతాలో పడుతుంది?" అని, 'వసతిగృహే' యని పలికి, నాచేత పలికించెను.

ఎనిమిది నెలలుగా నేనా యింట నుండుట మొదటిసారిగా నా నోట వచ్చినది. ఆనాటినుండి సంకల్పముయొక్క యర్థము నా కొక్కటిగా స్పష్టమైనది. ఆ చిరునామా దేవుని కొరకు జెప్పునది కాదు. కర్త కొరకు జెప్పునది. కాలు మోపిన చోటు నంగీకరింపనివాని చేతికి కర్మ యంటదు. నేను మూడేండ్ల కాలమును జీవితమునుండి మినహాయించి, దాని కావల నెచ్చటనో జీవితమును దాచి, నడుమనున్న దినముల నన్నిటిని కేవలము దాటవలసిన దూరముగా జేసికొంటిని. అట్టివానికి ఆ దినములలో మిగిలియుండునది పని యొక్కటియే. ఇల్లు లేదు, పొరుగు లేదు, ఋతువు లేదు, పండుగ లేదు. ఉన్న పని యొక్కటియే మనిషి బరువంతయు మోయవలసి వచ్చినప్పుడు, ఆ పని విరుగక మనిషి విరుగును. అనిత్యత మమ్ము బాధింపలేదు. మేమనిత్యముగా నైనను అక్కడ నుండకపోవుట బాధించినది.

రామాయణమున దీనికి నిదర్శనము గలదు. పదునాలుగేండ్ల గడువుతో ఇల్లు విడిచిన రాముడు చిత్రకూటము చేరి, లక్ష్మణుడు పర్ణశాల గట్టగా, అందడుగుపెట్టుటకు ముందు యథావిధిగా వాస్తుశాంతి చేసినట్లు వాల్మీకి వర్ణించెను. ఆకుల గుడిసె! అచ్చట వారు బహుకాల ముండనైన లేదు. భరతుడు వచ్చి పోయిన పిదప ఆ చోటు విడిచిరి. ఐనను గృహప్రవేశమును వాయిదా వేయలేదు. పంచవటిలో మరల పర్ణశాల, మరల పూజ. పదునాలుగేండ్లను దినములుగా లెక్కించుచు కూర్చున్నవాడు నందిగ్రామమున భరతుడు. గడువు నిండిన దినమున అన్న రానిచో అగ్నిప్రవేశము చేయుదునని ప్రతిజ్ఞ బూనినవాడు నాతడే. లెక్క ఇంటనున్నవానిది, బ్రతుకు అడవిలో నున్నవానిది. మేమో, భరతుని లెక్కను రాముని యడవిలో బెట్టుకొని, రెంటికిని జెడితిమి.

సన్న్యాసి ధర్మమును జూచినను ఇదియే తోచును. ఒకచోట నిలువరాదని నియమము గల పరివ్రాజకుడు వానకారున చాతుర్మాస్యమునకై నిలిచినప్పుడు, సంకల్పము చెప్పుకొని, ఆ హద్దు దాటనని వ్రతము పట్టి నిలుచును. లోకములో నతనికంటె తాత్కాలిక నివాసి లేడు. ఆ నెలలలో నతనికంటె నిలుకడగా నున్నవాడును లేడు. మమత లేకుండుట వేరు, మనసు లేకుండుట వేరు.

ఈ విచారమును వినిన చదువరి, అన్యాయమును వేదాంతముతో గప్పుచున్నానని తలపరాదు. గల్ఫు దేశముల వేసవి ఎండలో భవనములు గట్టు కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల కూలీకి, కడప గోదావరి సీమలనుండి కువైటు ఇండ్లలో పనికి బోయిన తల్లికి, 'ఉన్నచోట మనసు నిలుపుము' అని చెప్పు యధికారము నాకు లేదు. పాసుపోర్టు యజమాని పెట్టెలో నుండగా, జీతము నెలల తరబడి రాకుండగా, వారికి వలసినది చట్టము, కాన్సులేటు, సహాయము చేయు చేయి. ఎమిరేట్సులో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడింటి వరకు ఆరుబయలు పనిని నిషేధించిన ఉత్తర్వు ఏ యుపన్యాసము కంటెను పుణ్యమైనది. అంతకు ముందు తరమున మన కోస్తావారు రంగూను రేవులో బరువులు మోసిరి. 1930 మే నెలలో కూలి పెంపుకై వారు సమ్మె కట్టగా బర్మా కూలీలను పనిలో బెట్టి, రాజీ కుదిరిన పిదప వారిని పొమ్మనిన ఫలితముగా చెలరేగిన కల్లోలమున మనవా రనేకులు ప్రాణములు గోల్పోయిరి. అది ఫలాసక్తివలన గలిగిన దుఃఖమని యేమతము చెప్పినను నేనంగీకరింపను. ఒకచోట ఒక్క రాత్రి నిలుచువాడు గనుక నతిథి యని మనుస్మృతి నిర్వచనము. అతని నివాస మనిత్యమగుటయే అతనిని పూజ్యుని జేసినది. అట్టి యనిత్యతనే పట్టుకొని మనిషిని బెదరించి పని చేయించుకొను లోకము అతిథిధర్మమును తలక్రిందులు చేసినది. ఇది సరిదిద్దవలసిన దోషము. సహింపవలసిన కర్మ కాదు.

కాని నాబోటివానికి, జీతము చేతికందుచున్న వానికి, భయములో సగము వీసాది, సగము తనది. నా సగమును నేను విడువవచ్చును. వ్రతమైన మరునాడు పరుపు తొడుగు కోసివేసితిమి. వసంతమున కరివేపాకు మొక్క కిటికీ చేరినది. పొరుగింటి ముదుసలి పోలండు దేశమునుండి వచ్చి ఆ పట్టణమున నలువది యేండ్లున్నదని తెలిసినది. మంచు కురిసిన దినములలో ఆమె మెట్లు నేను శుభ్రము చేయుచుండ, మా వాకిట తన తోటలోని టమాటాలు వేసవిలో వచ్చి చేరెడివి. తొమ్మిదిన్నర కాల్ ఆగలేదు. భయమును పూర్తిగా పోలేదు. ఐనను కాల్ ముగిసిన పిదప ఆ యింట నేనును ఒకడనుంటిని.

రెండవ యేడు తద్దినము దగ్గరపడగా పురోహితునే యడిగితిని: తిథి అక్కడిదా, ఇక్కడిదా? ఆయన వివరించెను. సూర్యచంద్రుల నడుమ పండ్రెండు భాగల యెడమునకు ఒక తిథి. అది ముగియు క్షణము లోకమంతటికిని ఒక్కటే. కాని ఆ క్షణమున ఒకచోట సంధ్య, ఒకచోట ప్రొద్దుపొడుపు. పగటిని ఐదు భాగములు చేయగా నాలుగవదైన అపరాహ్ణమున తిథి యెక్కడ నుండునో అక్కడ ఆనాడు పితృకార్యము. రాజమహేంద్రవరమున మంగళవారము రాత్రి ఎనిమిదింటికి తదియ ప్రవేశించినచో అక్కడ తద్దినము బుధవారము; అదే క్షణము ఎడిసనులో మంగళవారము ఉదయము పదిన్నర గనుక, ఇక్కడ ఆ మధ్యాహ్నమే. "కర్త నిలబడిన నేలే ప్రమాణం నాయనా. మీ నాన్నగారు నిన్ను వెతుక్కుంటూ నువ్వున్న చోటికే వస్తారు" అనెను.

మంగళవారము మధ్యాహ్నము మూడు గంటల సెలవు కావలెనని, మా తండ్రిగారి సంవత్సరీకమని, ఉన్నమాట చెప్పి యడిగితిని. ఇచ్చిరి. మొదటి యేడు నేనడుగనే లేదని అప్పుడు జ్ఞాపకము వచ్చినది. పురోహితుని యింట తర్పణము విడిచి, బియ్యము, పప్పు, కూరలతో స్వయంపాకమిచ్చి, సాయంకాలము ఇల్లు చేరి అమ్మకు ఫోను చేసితిని. అక్కడ బుధవారపు తెల్లవారుజాము. తమ్ముని కొరకు తద్దినపు మడి వంటకు లేచియున్నది.

"మీకెప్పుడు వచ్చింది నాన్నా?" అని యడిగెను. ఈరోజే అయినదమ్మా, మీకు నేడు, అంటిని. కొంతసేపు గిన్నెల చప్పుడు మాత్రము వినబడినది.

"అయితే ఈ ఏడు మీ నాన్న రెండు పూటలు తిన్నారన్నమాట" అన్నది.